ఎస్కలేటర్ ఎక్కి వచ్చిన క్రియ

1896 సెప్టెంబరులో న్యూయార్క్ పక్కనున్న కోనీ ఐలండ్ సముద్రతీరంలో జనం ఒక కొత్త వింత కోసం బారులు తీరారు. అక్కడి ఓల్డ్ ఐరన్ పియర్ దగ్గర ఏటవాలుగా పరిచిన ఇనుప పట్టీల దారి ఒకటి ఉంది. దాని మీద నిలబడితే చాలు, అదే కదిలి పైకి తీసుకుపోతుంది. చేరే ఎత్తు ఏడడుగులు మాత్రమే. పక్కనే మెట్లు ఉంటే పది పన్నెండు అంగల్లో ఎక్కేయవచ్చు. అయినా రెండు వారాల్లో దాదాపు 75 వేల మంది దాని మీద ఎక్కారు. కాలు కదపకుండా పైకి వెళ్లడం అప్పటిదాకా ఎరగని సుఖం మరి.

ఇంగ్లీషులో పైకి వెళ్లడాన్ని చెప్పే క్రియలకు కొదవ లేదు. రైజ్, రెయిజ్, క్లైంబ్, మౌంట్, అసెండ్ అన్నీ వందల ఏళ్ల నాటి మాటలు. వాటి సరసన ఇప్పుడు రోజూ వినిపిస్తున్న ఎస్కలేట్ వయసు మాత్రం వందేళ్లు దాటి కొంచెమే. యుద్ధవార్తల్లో, కాంట్రాక్టు పత్రాల్లో, మాదాపూర్ ఆఫీసుల్లో తిరిగే ఈ మాటకు పుట్టుక ఒక యంత్రం. ముందు యంత్రం వచ్చింది, తర్వాత దానికి పేరు, ఆ పేరులోంచి క్రియ. ఆ వరుసలో చూస్తేనే ఈ క్రియ తీరు అర్థమవుతుంది.

కోనీ ఐలండ్ యంత్రాన్ని చేసింది జెస్సీ రీనో అనే ఇంజినీరు. ఆయన తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో 1862లో సౌత్ మౌంటెన్ పోరులో నేలకొరిగిన జనరల్. నెవాడా రాష్ట్రంలోని రీనో నగరానికి ఆ తండ్రి పేరే పెట్టారు. కొడుకు రీనో 1892 మార్చిలో తన యంత్రానికి పేటెంటు పొందాడు. అందులో మెట్లు లేవు. 25 డిగ్రీల వాలులో కదిలే పట్టా, దాని మీద పొడవునా గాడులు. పైకి చేరినచోట ఇనుప దువ్వెన పళ్లలాంటివి ఆ గాడుల్లోకి దూరి ఉంటాయి. పట్టా కిందికి జారిపోతుంటే పాదం మాత్రం ఆ పళ్ల మీదుగా జారి నేల మీదికి వస్తుంది. చెప్పులు, చీరకుచ్చెళ్లు ఇరుక్కోకుండా చూసే ఆ దువ్వెన ఇవాళ్టికీ ప్రతి ఎస్కలేటర్ చివర్లో ఉంది. రీనో పేరు ఎంతమందికి తెలుసో గానీ, ఆయన ఆలోచన మీద మాత్రం రోజూ కోట్లమంది కాలు పెడుతున్నారు.

ఆయనే మొదటివాడు అనలేం. 1859లోనే మసాచుసెట్స్‌కు చెందిన నేథన్ ఏమ్స్ తిరిగే మెట్లకు పేటెంటు తీసుకున్నాడు. కాగితం మీద మెట్లు చక్కగా తిరిగాయి, కట్టినవాడు మాత్రం లేడు. 1892లోనే జార్జ్ వీలర్ కూడా మెట్లున్న నమూనాకు పేటెంటు పొందాడు. ఆయనా కట్టలేదు. వీలర్ హక్కుల్ని కొనుక్కున్న చార్లెస్ సీబర్గర్ ఈ కథలో అసలు మనిషి. యంత్రాన్ని నిలబెట్టిందీ, దానికి పేరు పెట్టిందీ ఆయనే.

సీబర్గర్ 1899లో ఓటిస్ ఎలివేటర్ కంపెనీతో చేయి కలిపాడు. ఆ కంపెనీకి లిఫ్టుల వ్యాపారంలో అప్పటికే పెద్ద పేరుంది. మరుసటి ఏడు, 1900లో, పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వాళ్ల మెట్ల యంత్రం బహుమతి గెలుచుకుంది. ప్రదర్శన ముగిశాక దాన్ని ఊడదీసి సముద్రం దాటించి ఫిలడెల్ఫియాలోని గింబెల్స్ దుకాణంలో బిగించారు. ఎస్కలేటర్ అనే పేరును వాణిజ్య చిహ్నంగా నమోదు చేయించింది కూడా 1900లోనే.

ఆ పేరు ఎలా అల్లాడో చూడండి. లాటిన్‌లో స్కాలా అంటే నిచ్చెన, మెట్లు. ఎలివేటర్ అంటే లిఫ్టు. మొదటిదాని ఒళ్లు, రెండోదాని తోక కలిస్తే ఎస్కలేటర్. కానీ ఆ స్కాలా నుంచి యూరప్ భాషల్లో అప్పటికే ఒక యుద్ధపదం పుట్టి ఉంది: ఎస్కలేడ్. కోటగోడలకు నిచ్చెనలు వేసి ఎగబాకి దాడి చేయడం అని దానర్థం. 1602 డిసెంబరులో సవాయ్ సైన్యం అర్ధరాత్రి జెనీవా గోడలకు నిచ్చెనలు వేసింది. ఊరి జనం తిప్పికొట్టారు. ఆ విజయాన్ని జెనీవావాళ్లు నేటికీ ఎస్కలేడ్ పేరుతోనే ఏటా పండగ చేసుకుంటారు. అంటే దుకాణంలో రెండో అంతస్తుకు చేర్చే యంత్రానికి పెట్టిన పేరులో సైనికుల నిచ్చెన మొదటినుంచీ దాగి ఉంది. అరవై ఏళ్ల తర్వాత ఈ మాట మళ్లీ యుద్ధానికే చేరడం నన్ను ఆశ్చర్యపరుస్తుంది. సీబర్గర్ అది ఊహించి ఉండడు.

కొత్త యంత్రం అంటే జనానికి ముచ్చటతో పాటు భయమూ ఉండేది. 1898లో లండన్‌లోని హారోడ్స్ దుకాణం కదిలే పట్టా ఒకటి పెట్టినప్పుడు, పైకి చేరినవాళ్లు తేరుకోవడానికి బ్రాందీ, వాసన చూసే లవణాలు అందించారని ఆ దుకాణం చరిత్రలో చెబుతారు. 1911 అక్టోబరులో లండన్ భూగర్భ రైలుకు మొదటి ఎస్కలేటర్లు ఎర్ల్స్ కోర్ట్ స్టేషన్లో వచ్చాయి. సీబర్గర్ మెట్లు చదునుగా ఉండేవి, వాటికి గాడులు లేవు. అందువల్ల రీనో దువ్వెన అక్కడ పనిచేయదు. చివర్లో ఏటవాలుగా ఒక అడ్డుగోడ పెట్టి, మనిషిని పక్కకు దిగేలా చేసేవారు. మెట్లు ఒకరి దగ్గర, దువ్వెన మరొకరి దగ్గర ఉండిపోయాయి. ఇద్దరి హక్కుల్నీ ఓటిస్ కంపెనీ కొనేసింది. 1920ల్లో గాడులున్న మెట్లు, చివర దువ్వెన, రెండూ ఒక్క యంత్రంలోకి వచ్చాయి. ఇవాళ మనం మెట్రో స్టేషన్లో ఎక్కుతున్నది దాదాపు అదే.

పేరు కథ మాత్రం వేరే దారి పట్టింది. ఓటిస్ వారి సొత్తైన పేరును జనం అలాంటి యంత్రాలన్నిటికీ వాడటం మొదలుపెట్టారు. జనం మాత్రమే వాడి ఉంటే కంపెనీ కాదని వాదించగలిగేది. కానీ కంపెనీ కూడా తన ప్రకటనల్లో ఓటిస్ ఎలివేటర్లు, ఓటిస్ ఎస్కలేటర్లు అని రెంటినీ పక్కపక్కన రాసుకుంది. ఎలివేటర్ అనేది అందరి మాట. దాని పక్కన చేరిన ఎస్కలేటరూ అలాగే అయిపోయింది. ఓహయోలోని టొలీడోకు చెందిన హాటన్ ఎలివేటర్ కంపెనీ పేటెంటు కార్యాలయానికి ఎక్కింది. 1950లో తీర్పు వచ్చింది: ఈ పేరు ఇక ఎవరి సొంతమూ కాదు, యంత్రానికి వాడుక పేరు. ఓటిస్ సొంత ప్రకటనలూ, పేటెంటు పత్రాల్లోని రాతలే ఆ కంపెనీకి వ్యతిరేక సాక్ష్యాలయ్యాయి. అమెరికాలో ఆస్పిరిన్, సెల్లోఫేన్ అనే పేర్లకూ అంతకుముందే ఈ గతి పట్టింది. వస్తువు బాగా అమ్ముడుపోతే పేరు చేజారిపోతుంది.

తీర్పులకోసం భాష ఆగలేదు. ఎస్కలేట్ అనే క్రియ 1922 నాటికే అచ్చులో కనిపిస్తుంది, అదీ కేంబ్రిడ్జి విద్యార్థుల పత్రిక గ్రాంటాలో, సరదాగా. ఎస్కలేటర్ మీద పైకి వెళ్లడం, అంతే దాని అర్థం. ఇంగ్లీషువాళ్లు ఇలా తోక కత్తిరించి క్రియను తయారుచేయడం కొత్తేమీ కాదు. ఎడిటర్ అనే మాట ముందుంది, దాన్నుంచి ఎడిట్ వచ్చింది. చేసేవాడి పేరులోంచి చేసే పనిని లాగడం అన్నమాట. ఎస్కలేటర్ విషయంలో ఆ చేసేవాడు మనిషి కాడు, మోటారు.

క్లైంబ్ అంటే ఎక్కడం. అందులో కాళ్లు, చేతులు, ఆయాసం ఉన్నాయి. రెయిజ్ అంటే లేపడం. మామూలు వాక్యంలో లేపేవాడు కనిపించి తీరాలి. రైజ్ అంటే లేవడం. సూర్యుడు లేస్తాడు, పాలు పొంగుతాయి, ధర పెరుగుతుంది, దానంతట అదే. ఎస్కలేట్ ఈ మూడింటిలో ఏదీ కాదు. దీని మీద ఉన్నవాడు నిలబడే ఉంటాడు, పైకి మాత్రం పోతుంటాడు. ఎక్కేటప్పుడు వేసిన మొదటి అడుగు తనది, ఆ తర్వాతివన్నీ యంత్రానివి. మధ్యలో ఆగాలనుకున్నా ఆగడం యంత్రం చేతిలో ఉంది. ఈ క్రియను ఎవరెవరు ఎందుకు చేరదీశారో ఈ గుణమే చెబుతుంది.

మొదట చేరదీసినవాళ్లు ఒప్పందాలు రాసేవాళ్లు. 1930 లండన్ నౌకాదళ ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. ఒప్పందంలో చేరని దేశం యుద్ధనౌకలు ఎక్కువగా కట్టి ముప్పు తెస్తే, చేరిన దేశం కూడా పరిమితి దాటవచ్చు. దాన్ని ఎస్కలేటర్ క్లాజ్ అన్నారు. 1936లో కుదిరిన రెండో లండన్ ఒప్పందం యుద్ధనౌకల ఫిరంగి వ్యాసానికి 14 అంగుళాల హద్దు పెట్టింది. 1937 ఏప్రిల్ 1 లోపు జపాన్ ఒప్పుకోకపోతే ఆ హద్దు 16 అంగుళాలకు పెరగాలని కూడా రాసుకున్నారు. జపాన్ ఒప్పుకోలేదు. 14 అంగుళాల ఫిరంగుల కోసం గీసిన అమెరికా నార్త్ కరోలినా తరగతి నౌకలకు 16 అంగుళాల ఫిరంగులు ఎక్కాయి. మరుసటి ఏడాది నౌక బరువు పరిమితి 35 వేల టన్నుల నుంచి 45 వేలకు పెరిగింది. ఎస్కలేషన్ అనే నామవాచకం పత్రికల్లో యుద్ధనౌకల పోటీ గురించి కనిపించడం మొదలైంది కూడా ఆ 1938 ప్రాంతంలోనే. ఒకడు మెట్టు ఎక్కితే రెండోవాడు తనంత తానుగా పైకి పోయే ఏర్పాటు కాగితం మీద ముందే రాసి ఉంది.

జీతాలకూ ఇదే సూత్రం వచ్చింది. 1948లో జనరల్ మోటార్స్‌కూ మోటారు కార్మికుల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో బతుకు ఖర్చు పెరిగితే వేతనం దానంతట అదే పెరిగే నిబంధన పెట్టారు. దాని పేరూ ఎస్కలేటర్ క్లాజే. ధరల సూచీని బట్టి మన ఉద్యోగులకు పెరిగే డీఏ కూడా ఆ జాతిదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సాగునీటి ప్రాజెక్టుల వార్తలు చదివేవారికి ఎస్కలేషన్ అనే మాట ఈ దారిలోనే పరిచయం. సిమెంటు, ఉక్కు, డీజిల్ ధరలు పెరిగినప్పుడు గుత్తేదారుకు అదనంగా ఇచ్చేది. ఇక్కడ ఈ మాటను నేను తప్పుపట్టను. ఏ ధర ఎంత పెరిగితే ఎంత ఇవ్వాలో లెక్క ముందే ఉంటుంది, సంతకం పెట్టినవాడు తెలిసే పెట్టాడు.

యుద్ధంలో అలా కాదు. 1950ల చివరికి అణ్వాయుధాల గురించి రాసేవాళ్లకు ఒక భయానికి మాట కావలసి వచ్చింది: ఎక్కడో చిన్న చోట మొదలైన తగాదా ఎవరూ కోరకుండానే అణుయుద్ధంగా మారిపోవచ్చు. ఆ భయానికి ఎస్కలేట్ సరిగ్గా అతికింది. ఎక్కామంటే ఇక చివరి అంతస్తు దాకా పోవడమే అనే భావం యంత్రంలోనే ఉంది కదా.

ఈ భావాన్ని ఒప్పుకోనివాడు హెర్మన్ కాన్. రాండ్ సంస్థలో అణుయుద్ధ వ్యూహాలు చదివి, 1961లో హడ్సన్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మనిషి. 1965లో ఆయన పుస్తకం ఆన్ ఎస్కలేషన్ వచ్చింది. దానిలో 44 మెట్ల నిచ్చెన గీశాడు. మొదటి మెట్టు పైపైన కనిపించే సంక్షోభం. అణ్వాయుధం మొదట కనిపించేది 15వ మెట్టులో. 44వ మెట్టు మతిలేకుండా సర్వం ప్రయోగించే యుద్ధం. ఆయన ఈ మెట్లను చల్లగా, వరుస నంబర్లతో వివరించిన తీరు అప్పట్లో చాలామందికి ఒళ్లు జలదరింపజేసింది. నాకూ ఆ పట్టిక చూస్తే అలాగే ఉంటుంది. అయినా ఒక్క విషయంలో కాన్‌ను గౌరవిస్తాను. ఆయన కదిలే మెట్లను పక్కనపెట్టి కదలని నిచ్చెనను తెచ్చాడు. నిచ్చెన మీద ప్రతి మెట్టు దగ్గరా ఆగవచ్చు, దిగవచ్చు. పై మెట్టు మీద కాలు పెట్టాలంటే ఎవరో ఒకరు కాలు ఎత్తాలి. యంత్రంలోంచి పుట్టిన మాటను ఆయన వెనక్కి తీసుకెళ్లి దాని లాటిన్ మూలం దగ్గరే నిలబెట్టాడు.

అదే 1965లో వియత్నాంలో జరుగుతున్నదానికి ప్రతి మెట్టు మీదా సంతకాలున్నాయి. మార్చి 8న 3,500 మంది అమెరికా మెరీన్లు దా నాంగ్ తీరంలో దిగారు. వైమానిక స్థావరాన్ని కాపాడటానికే అన్నారు. జులై 28న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సైనికుల సంఖ్యను 75 వేల నుంచి 1,25,000కు పెంచుతున్నట్టు ప్రకటించాడు. ఏడాది ముగిసేసరికి అది 1,80,000 దాటింది. 1969 ఏప్రిల్ నాటికి 5,43,000 అయింది. ప్రతి అడుగూ అంతకుముందు వేసినదాన్ని కాపాడుకోవడానికి వేసినదే. పత్రికలు, టీవీ ఎస్కలేషన్ అనే మాటను అమెరికాలో ఇంటింటికీ చేర్చింది ఈ ఏళ్లలోనే. యుద్ధం ఎస్కలేట్ అయింది అని రాస్తే వాక్యం వ్యాకరణరీత్యా పూర్తి. పెంచింది ఎవరో అందులో చెప్పనక్కర్లేదు. జాన్సన్ పెంచాడు అనే వాక్యానికీ, యుద్ధం ఎస్కలేట్ అయింది అనే వాక్యానికీ మధ్య దూరంలో ఐదు లక్షల మంది సైనికులున్నారు, లక్షల మంది వియత్నాం జనం ప్రాణాలున్నాయి. ఆ మాట అబద్ధమని అనను. చేసినవాడికి అది ఎంత అనుకూలమో చూడమంటున్నాను.

మాట ఊరంతా తిరిగాక దానికి వ్యతిరేకపదమూ కావలసి వచ్చింది. ముందు డీ తగిలించారు. 1968 మార్చి 31 రాత్రి జాన్సన్ టీవీలో మాట్లాడుతూ ఉత్తర వియత్నాం మీద బాంబుదాడుల్ని చాలావరకు ఆపుతున్నానని, డీ-ఎస్కలేట్ చేయడానికి ఇది తొలి అడుగు అని చెప్పాడు. తాను మళ్లీ పోటీ చేయనని చెప్పింది కూడా ఆ ప్రసంగంలోనే. తగ్గించే మాట వచ్చేసరికి కర్త ముందుకొచ్చి నిలబడ్డాడు. సైనికుల సంఖ్య మాత్రం ఆ తర్వాత మరో ఏడాది పెరుగుతూనే పోయింది.

మన దేశంలో ఈ నిచ్చెన భాష ఎంత లోతుగా దిగిందో 2025 మే 7 తెల్లవారుజామున తెలిసింది. ఆపరేషన్ సిందూర్ పేరుతో జరిపిన దాడుల గురించి ప్రభుత్వం విడుదల చేసిన తొలి ప్రకటన వాటిని నాన్-ఎస్కలేటరీ అని వర్ణించింది. ఉగ్రవాద స్థావరాలనే కొట్టాం, పాకిస్తాన్ సైనిక స్థావరాల జోలికి పోలేదు అని వివరించింది. ఇది సరిగ్గా కాన్ నిచ్చెన మీద నిలబడి చెప్పిన మాట: ఈ మెట్టు దగ్గర ఆగాం, పై మెట్టు ఎక్కాలా వద్దా అనేది ఇక మీ చేతిలో ఉంది. ఘర్షణ సాగిన ఆ నాలుగు రోజులూ తెలుగు టీవీ చర్చల్లో కూడా ఎస్కలేషన్, డీ-ఎస్కలేషన్ మార్మోగాయి.

నిజానికి ఈ అర్థానికి తెలుగులో మాటలు లేక కాదు. గొడవ ముదిరింది అంటాం. చిలికి చిలికి గాలివాన అయింది అంటాం. ముదరడంలో కాయ, రోగం, పగ అన్నీ ఉన్నాయి, మెల్లగా లోపలినుంచి గట్టిపడటం. గాలివానలో చిలికే చేతులు కూడా లీలగా కనిపిస్తాయి. ఇంగ్లీషు ఎస్కలేట్ కూడా ఎక్కువగా చెడ్డ సంగతులకే అంటుకుని ఉంటుంది. ఖర్చు, హింస, ఉద్రిక్తత, వివాదం ఎస్కలేట్ అవుతాయి. సంతోషం, స్నేహం, పంట దిగుబడి ఎస్కలేట్ అయ్యాయని ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు రాయరు. వాటికి గ్రో, రైజ్, ఇంక్రీజ్ ఉన్నాయి. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ముందుగా చెప్పవలసింది ఇది.

ఒక్క చోట మాత్రం ఈ క్రియ తన స్వభావాన్ని మార్చుకుంది, అది ఆఫీసు. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి కంప్యూటర్ సేవల నిర్వహణకు ఐటిల్ అనే మార్గదర్శకాలు తయారుచేయించింది. ఆ పద్ధతిలో ఎస్కలేషన్ రెండు రకాలు. సమస్య తనకు చేతకాకపోతే అంతకన్నా బాగా తెలిసినవాడికి అప్పగించడం ఒకటి. పని జరగట్లేదని పై అధికారికి తెలియజేయడం రెండోది. హైదరాబాద్‌లో 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక, కాల్ సెంటర్లు, సపోర్టు బృందాలు పెరిగాక, ఈ రెండు అర్థాలూ తెలుగులోకి నేరుగా దిగాయి. సపోర్టులో మొదటి స్థాయి అయిన ఎల్1లో తేలకపోతే రెండో స్థాయి ఎల్2కి ఎస్కలేట్ చేయడం మొదటిది. అది రోజువారీ పని, దానికి ఎవరూ కంగారుపడరు. గడువు దాటితే సాఫ్ట్‌వేరే టికెట్‌ను పైకి పంపేస్తుంది. రెండోదాని సంగతి వేరు. క్లయింట్ నుంచి ఎస్కలేషన్ వచ్చిందంటే ఆ సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వెళ్లాల్సిందే.

తెలుగు ఇక్కడ ఒక మంచి పని చేసింది. ఇంగ్లీషు ఎస్కలేటెడ్ ఒక్కటే రూపం, చేసినా అదే, అయినా అదే. మన ఉద్యోగులు దానికి చేయు, అవు తగిలించి రెంటినీ విడదీశారు. ఇష్యూ ఎస్కలేట్ అయింది అని ఎవరైనా వచ్చి చెప్పగానే, టీమ్ లీడ్ నోట వచ్చే మొదటి ప్రశ్న: ఎవరు చేశారు?